మీ చేతికి గిటార్ మొదట ఎలా వచ్చింది?

సర్జాపుర_సుధ
ఐదు నెలలుగా గిటార్ నేర్చుకుంటున్నా. నాకు 36 ఏళ్ళు, బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఉంటాం, ఉద్యోగం, ఏడేళ్ళ పాప. వారానికి రెండు రోజులు ఇంటి దగ్గరే ఒక క్లాసుకి వెళ్తున్నా. ఈ, ఏ మైనర్, డి, జి, సి కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్ళు పెట్టే పట్టులు) అన్నీ వేళ్ళకి తెలుసు, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేసరికి పాట ఆగిపోతుంది. ఎఫ్ అయితే అసలు మోగదు. తీగ నొక్కితే కత్తి అంచు మీద వేలు పెట్టినట్టుంటుంది. మాస్టారు మంచి కుర్రాడే, "ప్రాక్టీస్ చెయ్యండి మేడమ్, అదే వస్తుంది" అంటాడు. రోజూ పాప పడుకున్నాక నలభై నిమిషాలు కూర్చుంటున్నా, ఇంకెంత చెయ్యాలి? మొన్న ఆఫీసులో ఒకాయన "ఈ వయసులో వేళ్ళు వంగవండీ, కీబోర్డ్ తీసుకోవాల్సింది" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

అసలు ఎందుకు మొదలుపెట్టానంటే, మా నాన్న పాడేవారు. స్టేజీలెక్కి పాడిన మనిషేం కాదు, అనంతపురంలో కరెంటు పోయినప్పుడు అందరం డాబా ఎక్కితే పాడేవారు. నిరుడు ఆయన పోయాక ఆ పాటలు ఇంట్లో వినిపించడం లేదు. నాకు గొంతు లేదు, కనీసం వాయిద్దామని.

యాప్‌ల పేర్లు, ఛానెళ్ళ పేర్లు వద్దు, నా దగ్గర బోలెడున్నాయి. గిటార్ వచ్చినవాళ్ళు మీకు మొదట ఎలా వచ్చిందో చెప్పండి. ఎవరు నేర్పారు, మొదటి మూడు నెలలు ఎలా గడిచాయి, ఏ రోజున "ఆ, వస్తోంది" అనిపించింది. అది వినాలనుంది.

గుంటూరు_జాన్
నాకు చర్చిలో వచ్చింది. మా పల్లె చర్చికి ఒక గిటార్, ఒక డోలక్ ఉండేవి. గిటార్ వాయించే అన్నకి గల్ఫ్‌లో పని దొరికి వెళ్ళిపోతున్నాడు. పాస్టర్ గారు బెంచీల వైపు చూసి "జానూ, వచ్చే ఆదివారం నుంచి నువ్వు" అన్నారు. అడగలేదు, చెప్పేశారు. నాకప్పుడు 14. అన్న బస్సెక్కే ముందు రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి జి, సి, డి చూపించాడు. ఆ మూడింటితో ఏడాది నడిపాను.

అసలు తిప్పలు ఎక్కడంటే, మా దగ్గర పాట ఎత్తుకునేది ఒక పెద్దమ్మ. ఆమె ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అదే శ్రుతి, గిటార్ వాడి కోసం ఎవరూ ఆగరు. ఆమె మొదటి లైను పాడేలోపు నేను తీగ మీద వెతుక్కోవాలి. శ్రుతి పెంచడానికి తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే కాపో అనే వస్తువు ఉంటుందని కూడా తెలీదు, పెన్సిల్ ముక్క అడ్డంగా పెట్టి రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు బిగించేవాణ్ణి. అది మెట్టు మెట్టుకీ జరుపుకుంటూ ఆమె గొంతు ఎక్కడుందో పట్టుకోవడం, నా చెవికి వచ్చిన చదువంతా అదే.

సుధ గారూ, అక్కడ వందమంది పాడుతుంటే ఆగే వీలు లేదు. రాత్రి గదిలో ఒక్కరే కూర్చుంటే ఆగినా అడిగేవాళ్ళుండరు, అందుకే ఆగుతోంది. మీతో కలిసి పాడేవాళ్ళు ఒక్కరున్నా చాలు, చూడండి.

బొమ్మనహళ్ళి_బాషా
హాస్టల్. ఇంకేం చెప్పాలి. సీనియర్ ఒకాయన ఫైనల్ ఇయర్ అయిపోయి ఖాళీ చేస్తూ బకెట్టు, పరుపు, గిటార్ వదిలేసి పోయాడు. బకెట్టు కోసం కొట్టుకున్నారు, గిటార్ నాకు మిగిలింది. ఐదు తీగలే ఉన్నాయి, సన్నది లేదు. తెంపితే ఊళ్ళో ఇంకోటి దొరకదని ఆ సెమిస్టరంతా ఐదింటి మీదే వాయించా. సెలవులకి బెంగళూరు వచ్చి ఆరో తీగ కొని ఎక్కించిన రోజు ఒక గంట ఆ ఒక్క తీగే మీటుతూ కూర్చున్నా అక్కా.

చిన్న_శ్రుతి
బకెట్టు కోసం కొట్టుకోవడం మాత్రం ఇప్పటికీ మారలేదు అన్నా 😄

హెబ్బాళ_హరి
నేను కాస్త వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఇలాంటి చర్చల్లో అందరూ "నాకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది" అని చెప్పుకుంటారు, దాంతో క్లాసుకి వెళ్ళేవాళ్ళు తమది దొంగ దారేమో అనుకుంటారు. నేను 41 ఏళ్ళకి మొదలుపెట్టాను. మా అబ్బాయి క్లాసులో ఉంటే బయట గంట కూర్చునేవాణ్ణి, ఆ గంట నేను కూడా లోపల కూర్చుంటే పోతుందని చేరాను. ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల సంస్థ) గ్రేడ్ 1 పరీక్ష ఇద్దరం ఒకే రోజు రాశాం. పరీక్ష తేదీ ముందుంటేనే నాకు ప్రాక్టీస్ జరిగింది, లేకపోతే ఆఫీసు పని మింగేసేది. స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే స్వరాలు, చదవడం వచ్చాక ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు, కాగితం ముందు పెడితే వాయిస్తా. సుధ గారు ఐదు నెలలకే కంగారు పడుతున్నారు. ఏడాది ఆగండి. మాస్టారు చెప్పింది కరెక్టే.

చిన్న_శ్రుతి
హరి అంకుల్, నాది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చెన్నైలో ఆరో క్లాసు నుంచి గ్రేడ్లు రాశా, మూడో గ్రేడ్ దాకా. ఏడాదంతా పరీక్ష కోసం మూడు పీసులు, స్కేల్స్ (స్వరాల వరసలు), అంతే. మా పిన్ని కూతురి పెళ్ళిలో అందరూ చుట్టూ చేరి "ఏదైనా వాయించవే" అంటే నాకు ఆ మూడు పీసులు తప్ప ఏమీ రావు. ఎవరో పాట పాడుతుంటే వెనక ఏ కార్డ్ వెయ్యాలో కూడా తెలీలేదు. ఆ రోజు బాత్రూంలో ఏడ్చా. మూడేళ్ళు ముట్టుకోలేదు. ఇప్పుడు 19, మళ్ళీ మొదటి నుంచి చెవితో నేర్చుకుంటున్నా.

హెబ్బాళ_హరి
అది పరీక్ష తప్పు కాదమ్మా, పరీక్ష ఒక్కటే నేర్పిన వాళ్ళ తప్పు.

చిన్న_శ్రుతి
కావచ్చు. కానీ నేను చూసినవాళ్ళంతా అలాగే నేర్పారు.

తీగల_మూర్తి
సుధ గారు, కథలు తరవాత చదువుకోవచ్చు, ముందు ఒక పని చెయ్యండి. పాప స్కూలు స్కేలు తీసుకోండి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు, వాటిలో 12వ ఫ్రెట్ దగ్గర, అంటే రెండు చుక్కలున్న చోట, ఫ్రెట్ లోహం పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లుందో చూడండి. లావు తీగ కింద ఒకసారి, సన్న తీగ కింద ఒకసారి. అలాగే మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. కాగితం దూరేంత ఉండాలి, అంతకన్నా ఎక్కువుంటే చెప్పండి. తీగలు ఏ గేజో, అంటే ఎంత మందమో కూడా.

సర్జాపుర_సుధ
ఇప్పుడే చూశా మూర్తి గారూ. లావు తీగ కింద నాలుగున్నర, సన్న తీగ కింద మూడున్నర. మొదటి ఫ్రెట్ మీద సందులో పాప ఏటీఎం కార్డు దూర్చేసింది, అది ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది. తీగలు కొన్నప్పటివే, పెట్టె మీద 12–53 అని ఉంది. ఉక్కు తీగలే.

తీగల_మూర్తి
అదే అనుకున్నా. మీ వేళ్ళకేం కాలేదు. ఉక్కు తీగల గిటార్‌కి 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు, అటూ ఇటూగా ఉంటే హాయిగా వాయించవచ్చు. మీది దాదాపు రెట్టింపు. దీన్నే యాక్షన్ అంటారు. 12–53 సెట్ శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిపి సుమారు 70 కిలోల బలంతో మెడని లాగుతుంటాయి, చెక్క నెమ్మదిగా ముందుకి వంగుతుంది, తీగలు ఇంకా లేస్తాయి. మెడ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని పావు తిప్పు తిప్పితే ఆ వంపు సర్దుకుంటుంది. కింద బ్రిడ్జ్ మీదున్న తెల్ల ముక్క, అంటే సాడిల్, అడుగు వైపు కొంచెం అరగదీస్తారు.

ఇక ఎఫ్ సంగతి. అది మొదటి ఫ్రెట్ మీద వేసేది. మెడ పై చివర తీగలు ఆనే ముక్కని నట్ అంటారు, అందులో తీగ కూర్చునే గాట్లు తగినంత లోతు లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గరే తీగ అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. ఏటీఎం కార్డు దూరిందంటే మీది అదే. అలాంటి గిటార్ మీద ఎఫ్ మోగించాలంటే పదేళ్ళ అనుభవం ఉన్నవాడికీ చెయ్యి లాగుతుంది. గిటార్ రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి "సెటప్ చెయ్యండి, నట్ గాట్లు కూడా చూడండి, తీగలు 10–47 వెయ్యండి" అనండి చాలు. ట్రస్ రాడ్ మాత్రం మీరు తిప్పొద్దు.

సర్జాపుర_సుధ
ఐదు నెలలు!! కొన్న చోట అడిగితే "కొత్త గిటార్ అలాగే గట్టిగా ఉంటుంది మేడమ్, వాడగా వాడగా మెత్తబడుతుంది" అన్నారు. నేను నమ్మేశా. రోజూ వేళ్ళకి చన్నీళ్ళు పట్టి పడుకున్నా.

తీగల_మూర్తి
వాడగా వాడగా గట్టిపడేది వేలి చర్మం ఒక్కటే, గిటార్ మెత్తబడదు.

హెబ్బాళ_హరి
మూర్తి గారి మాట నిజమే అయినా, కొత్తవాళ్ళకి ప్రతి ఇబ్బందికీ వాయిద్యాన్ని చూపించడం అలవాటైతే కష్టం. వేళ్ళు కాయలు కాసేదాకా నొప్పి అందరికీ ఉంటుంది.

తీగల_మూర్తి
హరి గారూ, శనాదివారాలు మా ఇంట్లో చిన్న టేబుల్ వేసుకుని రిపేర్లు చేస్తాను, కాబట్టి కళ్ళతో చూసింది చెప్తున్నా. "మా వాడు మానేశాడండీ, దీన్ని అమ్మేద్దాం" అని తెచ్చిన గిటార్లలో చాలావాటికి యాక్షన్ నాలుగు పైనే ఉంటుంది. మానేసింది పిల్లవాడి బద్ధకం వల్ల అనుకుంటారు ఇంట్లో. నొప్పి ఉంటుంది, ఒప్పుకుంటా. రెండు మూడు వారాల్లో కాయలు కాసి తగ్గాలి. ఐదు నెలలు ఉండకూడదు.

కేజీఎఫ్_రమణ
మాది కోలార్ బంగారు గనుల ఊరు. నాన్న గనిలో పని. మా గని కార్మికుల లైను ఇళ్ళ వెనక ఒక పాత బంగళాలో ఆంగ్లో-ఇండియన్ తాత ఒకాయన ఒంటరిగా ఉండేవాడు, రిటైరైన ఫోర్‌మన్. మేం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆయనతో వచ్చీరాని ఇంగ్లీషు. రాబర్ట్‌సన్‌పేట బజారు నుంచి ఆయనకి సామాన్లు తెచ్చిపెట్టేవాణ్ణి. గోడకి మేకు కొట్టి గిటార్ వేలాడదీసుండేది, మీద పాత దోమతెర ముక్క కప్పి. ఒక రోజు "నేర్పుతారా" అని అడిగా. దించి చేతికిచ్చాడు, ఇచ్చే ముందు ఆరు మరలూ తిప్పేసి తీగలన్నీ వదులు చేసేశాడు. "ముందు దీన్ని తిరిగి గిటార్ చెయ్యి" అన్నాడు.

అదీ నా మొదటి పాఠం. లావు తీగ ఆయన ఒక్కటి సరిచేసిచ్చేవాడు. దాని ఐదో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరానికి పక్క తీగని ఖాళీగా కలపాలి. దాని ఐదో ఫ్రెట్‌కి ఆ పక్కది. జి తీగ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగో ఫ్రెట్, దానికి పక్కనున్న బి తీగ. మళ్ళీ బి ఐదో ఫ్రెట్‌కి చివరిది. రెండు తీగలు దగ్గరవుతున్నప్పుడు వవ్-వవ్-వవ్ మని ఒక అల వినిపిస్తుంది, కలిసేకొద్దీ ఆ అల నెమ్మదించి, కలిసిపోయాక నిశ్చలంగా నిలుస్తుంది. ఆ నిశ్చలం నాకు తెలియడానికి నెల పట్టింది. రోజూ వెళ్ళడం, ఆయన వదులు చెయ్యడం, నేను బిగించడం. ఒక తీగ తెగితే వారం మాట్లాడలేదు. రెండో నెలలో గాని ఒక్క కార్డ్ చూపించలేదు. ఇప్పుడు ట్యూనర్ క్లిప్ పెట్టుకుంటే అర నిమిషం పని, నేనూ పెట్టుకుంటాను. కానీ ఎవరి గిటార్ ఎక్కడ తప్పిందో గది అవతల నుంచి చెప్పగలను, అది ఆయనిచ్చిందే.

2001 ఫిబ్రవరిలో గని మూసేశారు. నాన్నకి పని పోయింది. ఆ ఏడాదే తాతని ఆయన కూతురు ఆస్ట్రేలియా తీసుకెళ్ళింది. గిటార్ నాకిచ్చాడు, దోమతెర ముక్కతో సహా. నేను పొద్దున బండిలో బెంగళూరు వచ్చి ఒక ఫ్యాక్టరీలో చేసి రాత్రి బండికి వెళ్ళేవాణ్ణి, మా ఊరి నుంచి ఇప్పటికీ వేలమంది అలాగే వస్తారు. శనివారాలు గిటార్ తెచ్చుకునేవాణ్ణి. బండిలో పేకాట గుంపు, భజన గుంపు, మా గుంపు. నాకు వచ్చినదాంట్లో సగం ఆ బోగీలో వచ్చింది.

బొమ్మనహళ్ళి_బాషా
రమణన్నా 🙏 ఇది రెండుసార్లు చదివా.

గుంటూరు_జాన్
"ముందు దీన్ని తిరిగి గిటార్ చెయ్యి". మా చర్చి పిల్లలకి రేపటి నుంచి ఇదే.

కేజీఎఫ్_రమణ
చెయ్యి తమ్ముడూ, కానీ రెండు సెట్లు తీగలు ఎక్స్‌ట్రా కొనిపెట్టుకో.

వడపళని_కిట్టు
చాలా రోజుల తరవాత మంచి చర్చ. నేను పుట్టి పెరిగింది మద్రాసు వడపళనిలో. నాన్నగారు తెలుగు సినిమాల ప్రొడక్షన్‌లో చేసేవారు, అప్పటికి ఇంకా మన సినిమావాళ్ళు చాలామంది అక్కడే. మా పక్కింటాయన సినిమా ఆర్కెస్ట్రాల్లో రిథమ్ గిటార్ వాయించేవారు. పొద్దున ఏడింటికల్లా గిటార్ పెట్టె పట్టుకుని స్టూడియోకి వెళ్ళేవారు, డ్యూటీకి వెళ్ళినట్టే. నాకు పన్నెండేళ్ళప్పుడు వాళ్ళింట్లో చేరాను.

నలభై రోజులు నా ఎడమ చేతికి పనే ఇవ్వలేదు. తీగల మీద ఊరికే ఆనించి శబ్దం రాకుండా ఆపమనేవారు. కుడి చేతితో కింద-పైన, కింద-పైన, అలారం గడియారం టిక్ టిక్ మంటుంటే దానికి సరిగ్గా. చక్ చక్ చక్ తప్ప ఇంకేం లేదు. మా అమ్మ "వాడికేమైనా నేర్పుతున్నారా, గోడకి సున్నం కొట్టిస్తున్నారా" అని అడిగింది కూడా. ఆయన ఒకటే మాట: ఆర్కెస్ట్రాలో యాభైమంది ఉంటారు, నీ వేలు తప్పితే ఎవరికీ వినపడకపోవచ్చు, నీ చెయ్యి ఆగితే మొత్తం టేక్ పోతుంది.

సుధమ్మా, నీ పాట ఆగేది ఎడమ చెయ్యి వల్ల అనుకుంటున్నావు. ఎడమ చెయ్యి అందుకునేదాకా కుడి చెయ్యి ఆగి చూస్తోంది, అందువల్ల. దాన్ని ఆగనివ్వకు. కార్డ్ సగమే పడినా, అసలు పడకపోయినా, ఖాళీ తీగలే మోగినా సరే, కుడి చెయ్యి నాలుగు లెక్కకి వెళ్ళిపోతూనే ఉండాలి. వారం రోజులు చెత్తగా వినిపిస్తుంది. ఎడమ చెయ్యి పరిగెత్తుకుని వచ్చి అందుకుంటుంది, దానికి వేరే దారి లేదు కాబట్టి. ఇంకొకటి, ఈ మేజర్ కార్డ్ పట్టుకుని, వేళ్ళ ఆకారం చెదరకుండా దాన్నే ఒక తీగ కిందికి జరిపితే ఏ మైనర్ అవుతుంది. రెండూ ఒకటే ఆకారం, మూడు వేళ్ళూ కలిసి జరగాలి. ఈ రెండింటితోనే మొదలుపెట్టు, సి, డి పక్కన పెట్టు.

హెబ్బాళ_హరి
కిట్టు గారూ, మీ పక్కింటాయన నొటేషన్ చదివేవారా?

వడపళని_కిట్టు
చదివేవారు బాబూ, చదవకపోతే ఆ పనే లేదు. స్టాండ్ మీద కాగితం పెడతారు, రెండు రిహార్సల్స్, తరవాత టేక్. ఇళయరాజా గారు కూడా సంగీత దర్శకుడు కాకముందు సలీల్ చౌదరి గారి దగ్గర గిటార్ వాయించినవారే, ఆ తరంవాళ్ళకి కాగితం మీద రాయడం, చూసి వాయించడం రెండూ వచ్చు. కాబట్టి నువ్వు చెప్పింది కొట్టెయ్యను. కానీ మా గురువుగారు నాకు నొటేషన్ మొదలుపెట్టింది రెండో ఏడాది. మాటలు వచ్చాక కదా అక్షరాలు దిద్దిస్తాం.

హెబ్బాళ_హరి
ఇది ఆలోచించాల్సిన మాట. అయినా పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకి అక్షరాలు ముందు వచ్చినా నష్టం లేదనే నా అభిప్రాయం, నాకు అలాగే వచ్చింది మరి.

చిన్న_శ్రుతి
కిట్టు తాతగారు చెప్పినట్టు ఇప్పుడే పది నిమిషాలు ఎడమ చెయ్యి ఆపేసి చక్ చక్ చేశా. నా కుడి చెయ్యి ఇంత వంకరగా ఉందని ఏడేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

మూర్తి గారూ, మధ్యలో నాదొక సందేహం, మాది తిరువాన్మియూరు, సముద్రం పక్కనే. తీగలు నెలకే తుప్పు. చెక్క కూడా ఉబ్బినట్టుంది.

తీగల_మూర్తి
సముద్రపు గాలి, తేమ. చెక్క గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి, మీ దగ్గర అంతకన్నా చాలా ఎక్కువ. తేమ పీల్చి పై చెక్క ఉబ్బితే బ్రిడ్జ్ పైకి లేచి యాక్షన్ కూడా లేస్తుంది. గోడకి తగిలించొద్దు, పెట్టెలో పెట్టి సిలికా జెల్ సంచులు వెయ్యి, నెలకోసారి మార్చు. వాయించాక ప్రతి తీగనీ పొడి బట్టతో పై నుంచి కింది దాకా తుడువు, అడుగు వైపు కూడా. చెమట, ఉప్పు రెండూ అక్కడే కూర్చుంటాయి.

వీణ_భారతి
నేను గిటార్‌కి వీణ నుంచి వచ్చాను, మల్లేశ్వరంలో ఉంటాం. పెళ్ళయ్యాక అద్దె ఇళ్ళు మారుతూ వీణ మోయడం కుదరక అమ్మ దగ్గర వదిలేశా. ఏడెనిమిదేళ్ళు వేళ్ళు ఊరికే ఉన్నాయి. మా మరిది గిటార్ మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒకటే తీగ మీద సరళీ స్వరాలు వెతికా. కార్డ్స్ అంటే ఏంటో తెలీదు అప్పటికి.

వీణ మీద 24 మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి, గిటార్ మీదవి చెక్కలో దిగ్గొట్టినవి. లెక్క మాత్రం ఒకటే, మెట్టుకి ఒక స్వరస్థానం. ఖాళీ తీగ (0) షడ్జమం, అంటే స, అనుకుంటే మాయామాళవగౌళ రాగం ఈ మెట్ల మీద వస్తుంది: 0, 1, 4, 5, 7, 8, 11, 12. ఇది కనిపెట్టిన రోజు నేను అన్నం వండటం మర్చిపోయా. శంకరాభరణం 0, 2, 4, 5, 7, 9, 11, 12. మోహనం అయితే 0, 2, 4, 7, 9, 12. శుద్ధ ధన్యాసి 0, 3, 5, 7, 10, 12, గిటార్ పిల్లలు మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్‌గా నేర్చుకునేది సరిగ్గా ఈ స్వరాలే.

సుధా, మీ నాన్నగారి పాట కార్డ్స్‌తో మొదలుపెట్టకండి. ఒక్క తీగ, ఒక్క వేలు. మీ మనసులో పాట ఉంది కదా, దాన్ని మెట్ల మీద వెతకండి. తప్పు మెట్టు పడితే మీ చెవే చెప్తుంది. కార్డ్స్ తరవాత వచ్చి వెనక నిలబడతాయి.

బొమ్మనహళ్ళి_బాషా
భారతక్కా, మన సంగీతం గిటార్ మీద నిజంగా పలుకుతుందా? గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) అవీ ఎలా?

వీణ_భారతి
ఎందుకు పలకదు. మన పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌ని ఐదు తీగలకి మార్చుకుని కచేరీలు చేసినప్పుడు కూడా ఇదే ప్రశ్న అడిగారు కదా. గిటార్ మీద ప్రసన్న గారు కర్ణాటక సంగీతం వాయిస్తున్నారు, ఒకసారి విను. వీణలా తీగని బాగా లోతుగా లాగడం ఉక్కు తీగల గిటార్ మీద కష్టమే, కానీ జారు ఉంది, చిన్న లాగుడు ఉంది.

హెబ్బాళ_హరి
భారతి గారి అంకెలు రాసుకుని మా అబ్బాయికి చూపించాను. "నాన్నా, ఇవి స్కేల్స్ కదా" అన్నాడు. ఇద్దరం అరగంట శంకరాభరణం వాయించాం.

సర్జాపుర_సుధ
మూడు వారాలయింది, మధ్యలో పాపకి జ్వరం, ఆఫీసు, రాయలేకపోయా. అందరి పోస్టులు చాలాసార్లు చదివా.

గిటార్ సెటప్ చేయించా. 900 రూపాయలు, తీగలకి వేరే. చేసినాయన నట్ గాట్లని సన్న ఆకురాయితో నా ముందే దించాడు, ఒక్కో గాటుకి నాలుగైదు రాపిళ్ళు, తీగ పెట్టి చూడటం, మళ్ళీ రెండు రాపిళ్ళు. సాడిల్ కింది నుంచి తీసిన తెల్ల పొడి ఊదేసి, బిగించి నా చేతికిచ్చాడు. అక్కడే స్టూల్ మీద కూర్చుని ఎఫ్ వేశా. ఆరూ మోగలేదు. నాలుగు మోగాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. ఇంటికొచ్చి కొలిచా మూర్తి గారూ, రెండున్నర, రెండు. సరిగ్గా మీరు చెప్పినంతే.

కిట్టు గారు చెప్పిన ఈ, ఏ మైనర్ రోజూ చేస్తున్నా, కుడి చెయ్యి ఆపకుండా. మొదటి వారం మా ఆయన తలుపేసుకున్నారు. ఇప్పుడు తలుపు తెరిచే ఉంటోంది.

భారతి గారి మాట విని నాన్న పాట ఒకటి సన్నని తీగ మీద వెతికా. పల్లవికి నాలుగు రాత్రులు పట్టింది. నిన్న అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి వినిపించా. అయిపోయాక అమ్మ ఏమీ మాట్లాడలేదు, లైను కట్టయిందేమో అనుకున్నా. తరవాత అంది, "రెండో లైను చివర్లో అలా తెంచెయ్యకే. మీ నాన్న అక్కడ ఆగేవారు కాదు, కొంచెం పైకి వెళ్ళి దిగేవారు." నాకు గుర్తొచ్చింది, నిజమే, చెయ్యి కూడా అలా ఎత్తేవారు. భారతి గారూ, ఆ పైకి వెళ్ళి దిగడం ఎలా? నేను ఐదో మెట్టు మీద ఆగుతున్నా, ఆయన ఏడో మెట్టు స్వరం దాకా వెళ్ళి ఐదుకి వచ్చేవారనుకుంటా.

గుంటూరు_జాన్
సుధ గారూ, చాలా సంతోషం. మేం నెలలో రెండో ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర కూర్చుంటాం, ఆదివారం బండ్లు రావు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది. ఆరేడుగురం. పాపని కూడా తీసుకురండి. పెద్దమ్మ లేదు గానీ నేనే శ్రుతి ఎత్తుకుంటా.

కేజీఎఫ్_రమణ
నేనూ వస్తా. తాత గిటార్ తెస్తాను.

వీణ_భారతి
సుధా, రెండు దారులున్నాయి. మొదటిది జారు: ఐదో మెట్టు మీద మీటి, వేలు ఎత్తకుండా, ఒత్తిడి తగ్గించకుండా ఏడు దాకా జార్చి అలాగే వెనక్కి రండి. మళ్ళీ మీటకూడదు. ఏడు దగ్గర కొంచెం కూడా ఆగకండి, ఆగితే రెండు ముక్కలవుతుంది.

రెండోది లాగుడు. దానికి పాటని ముందు బి తీగ, అంటే చివరి సన్న తీగ పక్కదాని, మీదికి మార్చుకోండి. చివరి సన్న తీగని అంచు నుంచి జారిపోకుండా లాగడం కొత్తలో కష్టం, జి తీగ మీద లోహపు చుట్టు ఉంటుంది కాబట్టి తేలిగ్గా కదలదు. బి మీద ఐదో మెట్టు ఉంగరపు వేలితో నొక్కి, వెనక ఇంకో రెండు వేళ్ళు సాయం పెట్టి, తీగని పైకి, మీ ముఖం వైపు నెట్టండి. ఏడో మెట్టు స్వరం వినపడేదాకా నెట్టి, దాన్ని మెల్లగా వదలండి. ముందు ఏడో మెట్టు ఒకసారి మామూలుగా వాయించి చెవిలో పెట్టుకోండి, ఎక్కడిదాకా వెళ్ళాలో తెలుస్తుంది. కొత్త 10 గేజ్ తీగలు కాబట్టి కదులుతాయి. అమ్మని ఫోన్‌లోనే ఉంచుకుని చెయ్యండి, ఎంత పైకో, ఎంతసేపో ఆమెకే గుర్తుంటుంది.

సర్జాపుర_సుధ
ఇప్పుడే చేస్తా. అమ్మ ఇంకా పడుకుని ఉండదు.